తెర మీద పని అనుభవం: తార్నాక ప్రయోగశాలలు, ఉన్నత పాఠశాల విద్యార్థులు

విద్యార్థి బడిలోనో ఇంట్లోనో కూర్చుని, కంప్యూటరు లేదా ఫోను ద్వారా ఒక సంస్థలోని ఉద్యోగుల పర్యవేక్షణలో, కొన్ని రోజులపాటు వాళ్ల పనిలో చిన్న భాగం చేసి అప్పగించడాన్ని వర్చువల్ పని అనుభవం అంటారు. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే పిల్లల కోసం దీన్ని ఏర్పాటు చేస్తారు. శాస్త్రవేత్త ఉపన్యాసాన్ని జూమ్‌లో వినడం, ప్రయోగశాల వీడియో చూడడం, ఆన్‌లైన్ క్విజ్ రాసి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా ఈ పేరుతోనే చెలామణి అవుతున్నాయి. వాటిలో తెలుసుకోవడం ఉంది, పని లేదు. విద్యార్థి చేసినదాన్ని సంస్థలో ఎవరో ఒకరు చదివి, తప్పులు దిద్ది తిప్పి పంపినప్పుడే దాన్ని పని అనుభవంగా ఈ వ్యాసం లెక్కిస్తుంది. ఈ కొలతతో చూస్తే మన దగ్గర జరిగింది తక్కువ, జరగడానికి వీలున్నది చాలా ఎక్కువ. ఆ రెండూ ఒకేచోట కనిపించే ప్రాంతం హైదరాబాదులోని తార్నాక.

ఉప్పల్ రోడ్డు పొడవునా

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. దాని పక్కన, తార్నాక కూడలి నుంచి ఉప్పల్ వైపు వెళ్లే రోడ్డు మీద, కొద్ది కిలోమీటర్ల వ్యవధిలో దేశస్థాయి పరిశోధన సంస్థలు వరుసగా ఉన్నాయి. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) 1944లో నిజాం ప్రభుత్వపు కేంద్ర ప్రయోగశాలలుగా పుట్టింది. 1956లో ప్రాంతీయ పరిశోధన శాలగా (ఆర్ఆర్ఎల్) మారి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకుంది. పాతకాపులు దాన్ని ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే పిలుస్తారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) 1961లో, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) 1977లో ఏర్పడ్డాయి. విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వయసులో ఉస్మానియాతో సమానం. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై విచారణగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) కూడా 1958 నాటిదే.

ఎన్‌జీఆర్ఐ పేరుతో ఒక మెట్రో స్టేషనే ఉంది. దాని తర్వాతివి హబ్సిగూడ, తార్నాక. పుస్తకాల సంచులతో ఆ స్టేషన్లలో ఎక్కి దిగే పిల్లలకు ఆ ప్రహరీల లోపల ఏం జరుగుతుందో తెలిసే సందర్భాలు ఏడాదికి ఒకటో రెండో. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) వ్యవస్థాపక దినమైన సెప్టెంబరు 26కు అటూ ఇటూ, ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి తలుపులు తెరుస్తారు. ఆ రోజు వందల మంది పిల్లలు వరుసల్లో వచ్చి, ఒక్కో యంత్రం ముందు కాసేపు ఆగి వెళ్లిపోతారు. తార్నాకలో పిల్లలకూ పనికీ మధ్య దూరం కిలోమీటర్లలో లేదు, గేటు దగ్గర ఉంది. వర్చువల్ పని అనుభవం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా మారుమూల ఊళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుంటారు. గోడకు ఇవతల ఉన్న బడికీ అది అంతే అవసరమని ఈ రోడ్డు చెబుతుంది.

పూర్వరంగం

బడిలో చదువుతోపాటు పని ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సు చేతివృత్తి చుట్టూ చదువు అల్లాలన్న గాంధీజీ ప్రతిపాదనను చర్చించింది. ఆ పథకానికి రూపమిచ్చిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. తర్వాత రాష్ట్రపతి అయిన ఆయన పుట్టింది హైదరాబాదులోనే. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని పాఠశాల విద్యలో అంతర్భాగం చేయాలని సిఫారసు చేసింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్నే సమాజోపయోగకర ఉత్పాదక శ్రమగా (ఎస్‌యూపీడబ్ల్యూ) మలిచింది. ఎస్‌యూపీడబ్ల్యూ పీరియడ్ అంటే బడి ఆవరణ ఊడ్చడమో, మార్చి నెలలో హడావిడిగా ఒక అట్టబొమ్మ చేసి మార్కులు వేయించుకోవడమో అనుకునే తరాలు అలా తయారయ్యాయి. ఆలోచనలో లోపం లేదు. పిల్లలు చేసినదాన్ని వాడుకునేవాళ్లు, తప్పు పట్టేవాళ్లు బడి బయట ఎవరూ లేకపోవడమే దాన్ని దెబ్బతీసింది.

2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే తీగ పట్టుకుంది. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు వంటి స్థానిక వృత్తినిపుణుల దగ్గర గడపాలంది. ఆరు నుంచి పన్నెండు దాకా సెలవుల్లో కూడా ఇలాంటి ఇంటర్న్‌షిప్‌లు ఉండవచ్చని, వృత్తి కోర్సులు ఆన్‌లైన్లో కూడా అందించాలని చేర్చింది. మన దేశంలో 19-24 ఏళ్ల శ్రామికుల్లో 5 శాతం లోపే లాంఛనంగా వృత్తివిద్య పొందారన్న పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాను, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం అన్న అంకెలను పక్కపక్కన పెట్టింది.

దూరం నుంచి నేర్పడంలో మాత్రం తార్నాకకు సొంత చరిత్ర ఉంది. జి. రాంరెడ్డి ఉస్మానియా ఉపకులపతిగా ఉన్న కాలంలో, 1977లో, అక్కడ కరస్పాండెన్స్ కోర్సుల సంస్థ మొదలైంది. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది. 1982లో దేశంలోనే మొదటిదైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) మొదటి ఉపకులపతి ఆయనే. ఆ అనుభవంలో ఒక విషయాన్ని ఇప్పటి నిర్వాహకులు గుర్తు పెట్టుకోవాలి. పాఠాలను పోస్టులో, రేడియోలో పంపిన సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా బీఎస్సీ విద్యార్థిని ప్రయోగాల కోసం ప్రయోగశాలకు రప్పించింది. పాఠం దూరప్రయాణం చేయగలదు, పిపెట్ పట్టే వేలు చేయలేదు.

జిజ్ఞాస, కరోనా ఏళ్లు

సీఎస్ఐఆర్ 2017 జులైలో కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌తో కలిసి జిజ్ఞాస కార్యక్రమాన్ని ప్రారంభించింది. 38 ప్రయోగశాలలను 1,151 కేంద్రీయ విద్యాలయాలతో జోడించి, ఏడాదికి లక్ష మంది విద్యార్థులను, దాదాపు వెయ్యి మంది ఉపాధ్యాయులను చేరాలన్నది లక్ష్యం. ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ మూడూ సీఎస్ఐఆర్ సంస్థలే కాబట్టి ఉప్పల్ రోడ్డుకు ఒక్కసారిగా మూడు తలుపులు వచ్చినట్టయింది. మొదట్లో ఆ తలుపులు కేంద్రీయ విద్యాలయాలకే. జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలల వంటి ఇతర బడులకు ఆ దారి తర్వాత ఏర్పడింది.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలకు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. తొమ్మిది, పది తరగతులు మళ్లీ గదుల్లోకి వెళ్లింది 2021 ఫిబ్రవరి 1న. ఆ వ్యవధిలో జిజ్ఞాస కార్యక్రమాలు చాలావరకు వెబినార్లుగా మారాయి. 2021 నవంబరులో, ఐఐటీ బొంబాయి సహకారంతో, ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం జిజ్ఞాస వర్చువల్ ల్యాబ్ వచ్చింది. దానికి ముందే అమృత విశ్వవిద్యాపీఠం, ప్రభుత్వ కంప్యూటరు పరిశోధన సంస్థ సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ప్రయోగశాల ఉంది. ఇవన్నీ ఉపయోగకరమైనవే. అయితే అన్నీ ప్రయోగాన్ని చూపించేవి. అక్కడ బ్యూరెట్ నుంచి చుక్క ఎప్పుడూ ఎక్కువ పడదు, గాజు పగలదు, ఫలితం రాలేదని రాత్రి పదింటిదాకా కూర్చోవాల్సిన అవసరం రాదు.

అదే సమయంలో ఇంగ్లండులో కథ వేరుగా నడిచింది. అక్కడ పదిహేనేళ్ల పిల్లలు ఒకటి రెండు వారాలు ఏదో ఒక పనిచోటుకు వెళ్లడం 1970ల నుంచి అలవాటే. 1973లో దానికి చట్టం కూడా చేశారు. 2011లో వృత్తివిద్యపై వోల్ఫ్ నివేదిక వచ్చాక, 2012లో పదహారేళ్ల లోపు వారికి పని సంబంధిత అభ్యాసం తప్పనిసరి అన్న నిబంధన పోయింది. 2014లో గ్యాట్స్‌బీ సంస్థ ప్రకటించిన ఎనిమిది ప్రమాణాల్లో యజమానులను కలవడం ఒకటి, పనిచోటు అనుభవం మరొకటి. కలవడాన్నీ పనినీ విడిగా లెక్కించడం ఇక్కడ గమనించదగింది. మన వెబినార్లు చాలావరకు మొదటి గడిలో పడతాయి. 2020లో స్పీకర్స్ ఫర్ స్కూల్స్ అనే అక్కడి సంస్థ ఆన్‌లైన్ పని అనుభవాలను పెద్ద ఎత్తున నడిపింది. జర్మనీ పిల్లలు తొమ్మిదో తరగతి ప్రాంతంలో రెండు మూడు వారాలు నేరుగా పనిచోటుకే వెళతారు.

తెరకు లొంగే పని, లొంగని పని

ఒక ఉద్యోగి తన పనిని ఎలాగూ తెర ముందే చేస్తున్నప్పుడు విద్యార్థికి అదే తెర ఇవ్వడంలో నష్టమేమీ లేదు. పని చేతిలో ఉన్నప్పుడు తెర కిటికీ మాత్రమే అవుతుంది. ఈ చిన్న పరీక్ష పెడితే తార్నాక సంస్థల పనులు విడివిడిగా తేలతాయి.

భూకంప లేఖనాల్ని చదవడం మొదటి రకం. ప్రాథమిక తరంగం ముందు వస్తుంది, ద్వితీయ తరంగం వెనక వస్తుంది. సమీప భూకంపాలకు ఆ రెంటి మధ్య సెకన్లను దాదాపు ఎనిమిదితో హెచ్చిస్తే కేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదులోనూ తెలిసింది. దూరం 200 కిలోమీటర్ల దగ్గర కాబట్టి ఇక్కడి యంత్రంలో రెండు తరంగాల మధ్య తేడా 25 సెకన్ల చుట్టుపక్కల ఉండాలి. ప్రపంచంలోని భూకంప నమోదు కేంద్రాలు ఎన్నో తమ లేఖనాలను అందరికీ అందుబాటులో పెట్టాయి. మూడు నమోదు కేంద్రాల లేఖనాలు ఇచ్చి, తరంగాల రాక గుర్తించి, పటం మీద మూడు వృత్తాలు గీసి భూకంప కేంద్రం ఎక్కడో చెప్పమంటే తొమ్మిదో తరగతి పిల్ల చేయగలదు. ఆమె గుర్తించిన చోటుకూ నిపుణుడు గుర్తించిన చోటుకూ మధ్య తేడా ఎందుకొచ్చిందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్న అరగంటలోనే అసలు చదువు ఉంటుంది. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కోయనలో వచ్చిన 6.3 తీవ్రత భూకంపం, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చినది వంటివి కూడా అలాంటి మాటల్లోకి సహజంగా వస్తాయి.

పోషకాహారం ఇంకా అనువైనది. ఇందులో పదార్థం పిల్లల దగ్గరే ఉంటుంది, నిపుణులు మాత్రమే దూరం. ఎన్ఐఎన్ 2017లో వెలువరించిన భారతీయ ఆహార సంఘటన పట్టికల్లో 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. తమ బడి మధ్యాహ్న భోజనంలో వారం రోజులు ఏమేం వడ్డించారో తూచి, ఆ పట్టికలతో శక్తి, ప్రోటీను, ఇనుము లెక్కగట్టి పంపమంటే చాలు. ఇందులో కొత్తవాళ్లందరూ చేసే ఒక పొరపాటు ఉంది. పట్టికలో ఎక్కువగా ఉన్నవి పచ్చి సరుకు అంకెలు. వంద గ్రాముల బియ్యం దాదాపు 350 కిలోకేలరీలు. అదే బియ్యం అన్నమయ్యాక నీళ్లు పీల్చుకుని రెండున్నర నుంచి మూడు రెట్లు తూగుతుంది. పళ్లెంలోని అన్నాన్ని తూచి బియ్యం అంకెతో హెచ్చించిన పిల్లవాడి లెక్కలో శక్తి మూడు రెట్లు పెరిగిపోతుంది. ఏ వర్చువల్ ల్యాబ్ సాఫ్ట్‌వేరూ ఈ పొరపాటు చేయనివ్వదు. ఎర్ర సిరాతో దాన్ని గుర్తించి తిప్పి పంపే పోషకాహార నిపుణురాలు కావాలి. వంట చేసే ఆయమ్మను అడిగి పొద్దున కొలిచి పోసిన బియ్యం ఎంతో రాసుకోవాలని ఆ పిల్లవాడు అప్పుడు నేర్చుకుంటాడు. సర్వే పని అంటే అదే.

జీవశాస్త్రంలో సగం సగం. చచ్చిన జంతువు మాంసం ముక్క నుంచి అది ఏ జాతిదో చెప్పే పద్ధతులకు సీసీఎంబీ పేరుపొందింది. ముక్కలోంచి డీఎన్ఏ తీయడం చేతిపని. అక్షరాల వరుస చేతికొచ్చాక దాన్ని అంతర్జాతీయ జన్యు సమాచార నిధులతో పోల్చడం తెర పని. శాస్త్రవేత్త వాడే బ్లాస్ట్ అనే పరికరమే ఉచితంగా అందరికీ ఉంది, దానికి పిల్లల వెర్షన్ అవసరం లేదు. ఐఐసీటీలో మాత్రం అసలు పని ద్రావకాలు, గాజుసామాను, పొగ గదులదే. అసిటోన్ ఆవిరికి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకోగలదు. పద్నాలుగేళ్ల పిల్లలను అలాంటి బల్ల దగ్గర ఎందుకు నిలబెట్టరో దీన్నిబట్టే అర్థమవుతుంది. అయినా రసాయన శాలలో కాగితం పని కూడా ఉంటుంది. భద్రతా పత్రం చదివి సీసాకు హెచ్చరిక చీటీ తయారు చేయడం, మరొకరి ప్రయోగాల పుస్తకంలోంచి అదే ప్రయోగాన్ని తిరిగి చేయడానికి సరిపడే వివరాలు ఉన్నాయో లేదో పరిశీలించడం దూరం నుంచీ చేయదగ్గవే.

ఖగోళంలో ఈ ధోరణికి ఉస్మానియాలోనే పాత ఆనవాలు ఉంది. 1919లో విశ్వవిద్యాలయం చేతికి వచ్చిన నిజామియా వేధశాల, ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని చిత్రపటం గీసే అంతర్జాతీయ పథకంలో పాల్గొంది. గాజుపలకల మీది చుక్కల స్థానాలను సిబ్బంది ఏళ్లతరబడి కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల పట్టిక తయారు చేశారు. ఆకాశం వైపు చూడకుండా, పలక ముందు కూర్చుని చేసిన పని అది. 2007లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా మొదలైన గెలాక్సీ జూ దాదాపు 9 లక్షల గెలాక్సీల బొమ్మలను ఇంటర్నెట్‌లో పెట్టి, ఆకారాన్నిబట్టి వేరు చేయమని మామూలు జనాన్ని అడిగింది. ఈ కోవలోని పథకాల్లో బడిపిల్లలు చేసిన వర్గీకరణ పరిశోధన పత్రాల దాకా వెళుతుంది.

భాష పనికి ప్రయోగశాలే అక్కర్లేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని తోబుట్టువైన వికీసోర్స్‌లో స్కాన్ చేసిన పాత పుస్తకాల పాఠాన్ని ఒకరు దిద్దితే పేజీకి పసుపు రంగు, ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తే ఆకుపచ్చ వస్తుంది. ఒక్కరి మాట చాలదన్న పత్రికాఫీసు క్రమశిక్షణ అందులోనే ఉంది. ఇఫ్లూ, ఉస్మానియా పక్కనున్న బడులు దీన్ని వాడుకోవడానికి ఎవరి అనుమతీ అడగనవసరం లేదు.

ఏర్పాటు చేసే తీరు

తొమ్మిదో తరగతి ఇందుకు సరైన దశ. పదో తరగతిలో మార్చి పరీక్షలు తప్ప ఎవరూ దేన్నీ తలవరు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి సెలవులు, దసరా సెలవులు అనుకూలం. రోజుకు రెండు గంటలు చొప్పున ఐదు రోజులు చాలు. ఆ రెండు గంటల్లో ప్రత్యక్షంగా మాట్లాడేది అరగంట, మిగతాది పిల్లలు సొంతంగా చేసుకునేది. ఒక్కో ఉద్యోగి కింద ఐదారుగురు. ఏభై మందిని కలిపితే అది మళ్లీ వెబినారే.

పనిపత్రం ఒక్క పేజీలో, తెలుగులో ఉండాలి. ఏం చేయాలి, దేంతో చేయాలి, ఎప్పటికి ఇవ్వాలి, బాగా చేయడం అంటే ఏమిటి అన్న సంగతులు అందులో ఉంటే చాలు. శాస్త్ర పదాలు ఇంగ్లీషులో ఉన్నా వాక్యం తెలుగులో ఉండాలి. సొంత భాషలో ఉన్నత విద్య కోసం అనువాద విభాగాన్నే పెట్టుకుని, ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం పొరుగున ఈ మాట గట్టిగా చెప్పనక్కర్లేదు. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి దిద్దుబాటు అందాలి. ఆఖరి రోజున ప్రతి విద్యార్థీ తాను చేసింది ఐదు నిమిషాల్లో చెప్పాలి.

భారమంతా పడేది బడిలో ఒక్క ఉపాధ్యాయుడి మీద, సంస్థలో ఒక్క ఉద్యోగి మీద. ఉత్సాహవంతుడైన సైన్సు సారు బదిలీ అయితే ఇలాంటి కార్యక్రమం మరుసటి ఏడాది కనిపించదు. కాబట్టి పనిపత్రాలను, దిద్దిన నమూనాలను బడి దగ్గరా సంస్థ దగ్గరా దాచడం మర్యాద కోసం కాదు, కార్యక్రమం బతకడానికి.

చట్టం, జాగ్రత్తలు

1986 బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. చదువులో భాగమైన పని అనుభవం ఉద్యోగం కాదు. ఆ గీత చెరిగే చోటు ఒకటుంది. బొమ్మలకు పేర్లు పెట్టడం, రికార్డింగులు రాయడం వంటి పనులు కంపెనీలు డబ్బిచ్చి చేయించుకునేవి. పిల్లలు చేసింది అమ్ముడుపోయే సరుకైతే దాన్ని పని అనుభవం కింద ఒప్పుకోకూడదు. ఇంటర్న్‌షిప్ పేరుతో తల్లిదండ్రుల నుంచి రుసుము వసూలు చేసి సర్టిఫికెట్ చేతిలో పెట్టే వ్యాపారం దీనికి రెండో కొస.

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టం, 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తాయి. రెండో చట్టం పిల్లల సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది, వాళ్ల కదలికలను వెంటాడటాన్నీ వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలనూ నిషేధిస్తుంది. ఆచరణలో దీనర్థం: ఉద్యోగికీ విద్యార్థికీ మధ్య విడిగా వాట్సాప్ సంభాషణలు ఉండకూడదు, ప్రతి సమావేశంలో బడి ఉపాధ్యాయుడు ఉండాలి, ఖాతాలు బడి పేరుతో ఉండాలి, రికార్డింగుకు ముందుగా సమ్మతి తీసుకోవాలి.

ఫోను ఎవరి చేతిలో

పిల్లల చదువుల తీరుపై గ్రామీణ కుటుంబాల్లో జరిపిన అసర్ సర్వే 2021లో ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉన్న పిల్లలు దేశంలో 67.6 శాతం అని తేల్చింది. 2018లో ఆ సంఖ్య 36.5. అయితే ఇంట్లో ఫోనున్న పిల్లల్లోనూ 26.1 శాతం మందికి అది చేతికి అందడం లేదు. పగలు నాన్నతోపాటు ఫోనూ పనికి వెళ్లిపోతుంది, సాయంత్రం వచ్చాక అన్న తీసుకుంటాడు, ఆడపిల్ల వంతు ఆఖరున. పిల్లలు ఇంటి నుంచి కాక బడి కంప్యూటరు గదిలో కూర్చుని చేసేలా ఏర్పాటు చేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. సెలవుల్లో ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది మళ్లీ వేరే సమస్య.

తార్నాక, హబ్సిగూడ, లాలాపేట బడులకు ఐదు రోజుల్లో నాలుగు తెర మీద, ఒకటి సంస్థ లోపల అన్న పద్ధతి అన్నిటికంటే మేలు. నాలుగు రోజులు భూకంప లేఖనాలు చదివిన పిల్లలు ఐదో రోజు యంత్రం ముందు నిలబడితే అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. సందర్శన రోజు వరుసలో వచ్చినవాళ్లు ఆ ప్రశ్నలు అడగలేరు. ములుగు, ఆదిలాబాద్ బడుల పిల్లలకు ఆ ఐదో రోజు దగ్గరలోని డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోనో వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో జరగవచ్చు. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి పిల్లల కోసం నడుపుతున్న యువికా శిబిరం పిల్లలను తన కేంద్రాలకే రప్పించుకుంటుంది. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం కూడా వాటిలో ఒకటి. చోటు దక్కేది దేశం మొత్తం మీద కొద్దిమందికి. దరఖాస్తు చేసినా ఎంపిక కానివాళ్లే ఎక్కువ. ఉప్పల్ రోడ్డు సంస్థల్లో ఏదైనా ఆన్‌లైన్ పని అనుభవం మొదలుపెడితే, మొదట పిలవాల్సింది వాళ్లను.